ఖాళీ కార్డుకి రెండు అర్థాలు: వేట సీజన్ అయ్యాక ట్రెయిల్ కెమెరా

అమెరికాలో జింకల వేటకి ఒక సీజన్ ఉంటుంది, రాష్ట్రానికో లెక్క. మిషిగన్‌లో తుపాకీ వేట ఏటా నవంబర్ 15న మొదలై 30న ముగుస్తుంది, ఏ వారం పడినా సరే. దాని పక్కనే ఉన్న విస్కాన్సిన్‌లో థ్యాంక్స్‌గివింగ్ పండక్కి ముందు వచ్చే శనివారం నుంచి తొమ్మిది రోజులు. విల్లుతో వేటలాంటివి ఆ తర్వాత కూడా కొంతకాలం నడుస్తాయి గానీ, అసలు సందడి డిసెంబర్ వచ్చేసరికి సద్దుమణుగుతుంది. అప్పటిదాకా అడవిలో చెట్లకి కట్టి ఉంచిన ట్రెయిల్ కెమెరాలని చాలామంది విప్పేసి, సెల్లు తీసేసి, గ్యారేజీలో ఓ మూల పడేస్తారు. విప్పకుండా ఉంచితే ఏం తెలుస్తుంది, ఉంచాలంటే ఆ చలిలో దానికి కరెంటు ఎలా అందించాలి అన్నదే ఈ వ్యాసం.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకని వేటాడటం నేరం. మరి మనకెందుకు ఈ గోల అనిపించొచ్చు. నల్లమలలో పులుల్ని లెక్కపెట్టడానికి అటవీశాఖ వాళ్ళు చెట్లకి కట్టేది కూడా ఇదే జాతి కెమెరా. అదొక కారణం. ఇంకోటి మన బ్రాంచి వాళ్ళకి: "స్లీప్ మోడ్", "పవర్ బడ్జెట్" అని పరీక్షల కోసం బట్టీపట్టే మాటలకి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకైతే దొరకలేదు.

చెట్టుకి కట్టిన కాపలాదారు

మనిషి లేకుండా జంతువే తన ఫోటో తాను తీసుకునే ఏర్పాటు కొత్తదేమీ కాదు. జార్జ్ షైరాస్ అనే ఆయన మిషిగన్ అడవుల్లో జింకల దారికి అడ్డంగా తీగ కట్టి, అది తగలగానే మెగ్నీషియం పొడి భగ్గున వెలిగి ఫోటో పడేలా చేశాడు. ఈయన మొదట వేటగాడు, కొన్నాళ్ళు అమెరికా కాంగ్రెస్ సభ్యుడు కూడా. 1906 జూలై నేషనల్ జియోగ్రఫిక్‌లో ఆయన ఫోటోలు 74 అచ్చయ్యాయి. మన దేశంలో ఎఫ్.డబ్ల్యూ. ఛాంపియన్ అనే అటవీ అధికారి 1920లలో పులుల్ని దాదాపు ఇదే పద్ధతిలో ఫోటో తీశాడు.

ఇప్పుడు తీగ స్థానంలో పీఐఆర్ సెన్సర్ ఉంది. మనిషి రాగానే కారిడార్‌లో లైటు వెలిగించే సెన్సర్ ఉంటుంది చూడండి, అదే. ఎదురుగా ఉన్న దృశ్యంలో వేడి కదిలితే అది పసిగడుతుంది. కెమెరా రోజంతా నిద్రలోనే ఉంటుంది, మెలకువగా ఉండేది ఈ సెన్సర్ ఒక్కటే. వేడి కదలగానే ఇది తట్టి లేపుతుంది, కెమెరా ఫోటో తీసి, కార్డు మీద రాసి, మళ్ళీ పడుకుంటుంది. రాత్రయితే కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు వెలుగుతాయి. అందుకే రాత్రి ఫోటోలు నలుపు తెలుపుల్లో ఉంటాయి. 850 నానోమీటర్ల ఎల్ఈడీ అయితే సన్నగా ఎర్రటి వెలుగు కనిపిస్తుంది, 940 అయితే అది కూడా ఉండదు, కాకపోతే ఫ్లాష్ అందుకునే దూరం తగ్గుతుంది.

చలికాలం ఈ సెన్సర్‌కి నిజానికి మంచి కాలం. జింక ఒంటి వేడికీ చుట్టూ ఉన్న మంచుకీ తేడా ఎక్కువ కాబట్టి సులువుగా దొరుకుతుంది. మన ఎండాకాలం మధ్యాహ్నాల్లో నేలా, రాళ్ళూ, జంతువూ అన్నీ ఒకే వేడిలో ఉన్నప్పుడే దీనికి కళ్ళు కనపడవు.

సీజన్ అయ్యాక చూడటానికేముంది?

అక్కడ ప్రధానంగా వేటాడేది తెల్లతోక జింకని. నవంబర్ దాని జతకట్టే కాలం. మగవి తిండి మానేసి ఆడవాటి వెంట తిరుగుతాయి, ఒంటి బరువులో ఐదో వంతు దాకా పోగొట్టుకుంటాయి. ఆ అలసట మీదే వేట, ఆ తర్వాత మంచు. కాబట్టి డిసెంబర్‌లో మొదటి ప్రశ్న: ఎవరు బతికి ఉన్నారు? వేటలో ఎన్ని పోయాయో లెక్క తెలుస్తుంది గానీ, ఎన్ని మిగిలాయో చెప్పేవాళ్ళుండరు. దానికి కెమెరా కావాలి.

అయితే కెమెరా పాత చోటే ఉంచితే లాభం లేదు. జతకట్టే కాలంలో మగ జింక కాలితో నేల గీకి వాసన వదిలే చోట్లు ఉంటాయి, వేటగాళ్ళు కెమెరాలు కట్టేది అక్కడే. డిసెంబర్‌లో ఆ చోట్లు పాడుబడిపోతాయి. జింకలు తిండి వైపు వెళ్తాయి: కోసేసిన మొక్కజొన్న చేలో రాలిన గింజలు, ఉత్తరాన మంచు బాగా పడే చోట్లయితే దేవదారు లాంటి సతతహరిత చెట్ల గుబుర్లు. ఆ గుబుర్లలో గాలీ మంచూ తక్కువ, పదుల కొద్దీ జింకలు ఒక్కచోట చేరతాయి. కెమెరా కూడా వాటితో పాటు మారాలి. మంచు పేరుకుంటే నేల మట్టం పైకొస్తుంది కాబట్టి కాస్త ఎత్తులో కట్టాలి. ముఖం ఉత్తరం వైపు ఉంటే ఎండ నేరుగా లెన్స్‌లో పడదు.

డిసెంబర్ నుంచి మార్చి మధ్యలో మగవాటి కొమ్ములు ఊడి పడిపోతాయి. ఏప్రిల్ నుంచి కొత్తవి మొలుస్తాయి. ఇక్కడ మన భాష గురించి ఒక మాట. మనం అన్నిటినీ జింక అనేస్తాం గానీ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింకకి కొమ్ములు ఊడవు, జీవితాంతం అవే. కొమ్ములు రాల్చి మళ్ళీ మొలిపించుకునేది చుక్కల దుప్పి, కణుజు లాంటివి. ఆ లెక్కన అమెరికా తెల్లతోక జింకని తెల్లతోక దుప్పి అనాలేమో. అలవాటైన మాట కాబట్టి జింక అనే రాస్తున్నాను.

కొమ్ములు ఊడటం ఫోటోల్లో తేదీతో సహా పట్టుకుంటే, రాలిన కొమ్ముల్ని వెతుక్కోవడానికి ఎప్పుడు వెళ్ళాలో తెలుస్తుంది. ఇది అక్కడ పెద్ద సరదా. కానీ ఇందులో ఒక ఇబ్బంది ఉంది. ఫిబ్రవరి ఫోటోలో కొమ్ముల్లేని జింక కనిపిస్తే అది ఆడదే అనుకోకూడదు. ఆ నెల ఫోటోలతో ఆడ మగ నిష్పత్తి లెక్క కట్టిన వాడు తప్పులో కాలేసినట్టే.

బ్యాటరీ ఎక్కడ మోసం చేస్తుంది

ఇప్పుడు అసలు విషయం. జనవరి చివర్లో మీరు మంచులో నడిచి వెళ్ళి కార్డు తెచ్చుకున్నారు. అందులో జనవరి 9 తర్వాత ఒక్క మగ జింక కూడా లేదు. దీనికి రెండు అర్థాలు ఉండొచ్చు. జింకలు ఆ దారి వదిలేశాయి. లేదా కెమెరా చచ్చిపోయింది. ఫోటో లేకపోవడం వేరు, జింక లేకపోవడం వేరు. ప్రోగ్రామింగ్‌లో సున్నాకీ నల్‌కీ ఉన్న తేడా ఇదే.

కెమెరా పూర్తిగా ఆగిపోతే కనీసం తెలుస్తుంది. సగం చావడమే ప్రమాదం. అది ఎలాగో తెలియాలంటే చిన్న లెక్క చెయ్యాలి. కింది అంకెలు ఏ కంపెనీవీ కావు, అర్థం కావడానికి నేను అనుకున్నవి. మీ కెమెరా అంకెలు వేసుకుని మళ్ళీ చేసుకోవచ్చు.

నిద్రలో కెమెరా 0.2 మిల్లీఆంపియర్లు లాగుతుందనుకుందాం. 24 గంటలకి 4.8 మిల్లీఆంపియర్-గంటలు. పగటి ఫోటోకి 200 మిల్లీఆంపియర్లు 3 సెకన్ల పాటు: 200 × 3 ÷ 3600, అంటే సుమారు 0.17. రోజుకి 30 తీస్తే 5. రాత్రి ఫోటోకి ఫ్లాష్ కూడా ఉంటుంది కాబట్టి సగటున 500 మిల్లీఆంపియర్లు 3 సెకన్లు: 0.42. రాత్రికి 40 తీస్తే 16.7. మొత్తం రోజుకి 26.5. అందులో దాదాపు మూడింట రెండొంతులు రాత్రి ఫోటోలే తినేస్తున్నాయి.

గోడ గడియారంలో వేసే ఏఏ సెల్లు ఎనిమిది వేస్తాం. ఒక్కోటి 2500 మిల్లీఆంపియర్-గంటలు. ఎనిమిది సెల్లు కాబట్టి 20,000 అనుకుంటే మార్కులు పోతాయి! వరసగా కలిపినప్పుడు వోల్టేజీలు కూడతాయి, కెపాసిటీ కూడదు. 12 వోల్టులు వస్తాయి, కెపాసిటీ 2500 దగ్గరే ఉంటుంది. 2500 ÷ 26.5 అంటే 94 రోజులు. కాగితం మీద మూడు నెలలు, బాగానే ఉంది.

ఫోటో బదులు రాత్రిపూట 15 సెకన్ల వీడియో పెట్టి చూడండి. ఒక్కో వీడియోకి 2.1, నలభైకి 83. మిగతావి కలిపితే రోజుకి 93, సెల్లు 27 రోజులకే ఖాళీ. వీడియో ముచ్చటగానే ఉంటుంది, కానీ జనవరిలో దాని జోలికి పోకపోవడమే మంచిది. ఇంకో దొంగ ఉంది, ఎండ తగిలి వెచ్చబడి గాలికి ఊగే కొమ్మ. దాని వల్ల ఒక్క రోజులో 500 ఉత్తుత్తి ఫోటోలు పడితే 83 మిల్లీఆంపియర్-గంటలు పోతాయి. మూడు రోజుల తిండి ఒక కొమ్మ తినేసింది. కెమెరా కట్టేటప్పుడు చిన్న కత్తి తీసుకెళ్ళమనేది అందుకే.

ఇక చలి. మామూలు ఆల్కలైన్ సెల్‌లో ఉండే ఎలక్ట్రోలైట్ నీళ్ళతో చేసింది. చలికి అందులో అయాన్ల కదలిక మందగిస్తుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. కొత్త సెల్‌కి గది వేడిలో 0.15 ఓమ్ అనుకుంటే ఎనిమిదింటికీ 1.2 ఓమ్‌లు. ఫ్లాష్ ఒక్క క్షణం 1 ఆంపియర్ లాగితే 1.2 వోల్టులు పడిపోతాయి, ఫరవాలేదు. అదే గడ్డకట్టే చలిలో ఒక్కోటి 0.5 ఓమ్ అయిందనుకోండి. మొత్తం 4 ఓమ్‌లు, 4 వోల్టుల పతనం. పైగా సగం వాడిన సెల్ 1.5 దగ్గర ఉండదు, 1.3కి దిగి ఉంటుంది. అంటే 10.4 లోంచి 4 పోతే 6.4. కెమెరా 9 వోల్టుల కింద పనిచెయ్యదనుకుంటే ఫ్లాష్ వెలగబోయిన క్షణంలోనే అది ఆగిపోతుంది. అదే కెమెరా పగటి ఫోటోకి 0.2 ఆంపియర్లే అడుగుతుంది. పడిపోయేది 0.8 వోల్టు. ఫోటో చక్కగా వస్తుంది.

అంటే ఏమైంది? పగలు పనిచేస్తోంది, రాత్రి చచ్చిపోయింది. కార్డులో తాజా తేదీలతో ఫోటోలున్నాయి కాబట్టి మనకి అనుమానం రాదు. కానీ వేట ఒత్తిడి చూసిన పెద్ద మగ జింకలు ఎక్కువగా తిరిగేది రాత్రిపూట. వాటి ఫోటోలే లేవు. "పెద్దవన్నీ పోయాయి" అని నిర్ణయానికి వచ్చేస్తాం. నిజానికి పోయింది సెల్లలో ఉన్న నాలుగు వోల్టులు. నాకు ఈ సబ్జెక్టు మొత్తంలో బాగా పట్టుకున్న పాయింటు ఇదే. బ్యాటరీ బలహీనపడితే డేటా తగ్గడమే కాదు, ఒక పక్కకి ఒరుగుతుంది.

మరి ఏ సెల్లు?

వాడి పారేసే లిథియం ఏఏ సెల్లు చలికి సరైన మందు. ఫోన్‌లో ఉండే లిథియం-అయాన్ కాదు ఇది, వేరే రసాయనం, చార్జ్ చెయ్యకూడదు. ఇందులో నీళ్ళు లేవు కాబట్టి మైనస్ 40 డిగ్రీల దాకా పనిచేసేలా చేస్తారు. ఖరీదు ఎక్కువ, కానీ శీతాకాలం మధ్యలో మంచులో ఒకసారి తక్కువ తిరిగితే చాలు, ఆ డబ్బు వచ్చేసినట్టే. చిక్కల్లా ఒకటి: దీని వోల్టేజీ చివరిదాకా దాదాపు చదునుగా ఉండి ఒక్కసారి పడిపోతుంది. తెర మీద బ్యాటరీ గుర్తు ఫుల్ చూపిస్తూ చూపిస్తూ ఉన్నట్టుండి సున్నా. గుర్తుని నమ్మకుండా ఎప్పుడు వేశామో తేదీ రాసుకోవాలి.

చార్జ్ చేసుకునే నికెల్ సెల్లు దీనికి తిరగబడి ప్రవర్తిస్తాయి. ఒక్కోటి 1.2 వోల్టులే, ఎనిమిదికి 9.6. నిండుగా ఉన్నా కెమెరా అయిపోయిందంటుంది. లోపలి నిరోధం తక్కువ కాబట్టి చలిలో ఆల్కలైన్ కన్నా నయమే, కాకపోతే తక్కువ వోల్టేజీని ఒప్పుకునే కెమెరా అయి ఉండాలి. పాతవీ కొత్తవీ, ఒక రకం ఇంకో రకం కలపడం మాత్రం ఏ సెల్లతోనూ వద్దు. బలహీనమైన సెల్‌ని మిగతావి తోసి తోసి కారేలా చేస్తాయి.

కొందరు చెట్టు మొదట్లో పెట్టెలో 12 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీ పెట్టి వైరు లాగుతారు. 7 ఆంపియర్-గంటల చిన్నది కూడా మన ఏఏ సెల్లకి మూడు రెట్లు దగ్గరగా ఉంటుంది. కానీ దాన్ని ఖాళీ కానివ్వకూడదు. చార్జ్ తగ్గేకొద్దీ అందులోని ఆమ్లం పలచబడి నీళ్ళలా అవుతుంది, అప్పుడు గడ్డకట్టి పగులుతుంది.

సోలార్ ప్యానెల్ పెడితే సమస్య తీరిపోతుందని అందరం అనుకుంటాం. విస్కాన్సిన్ నడిమధ్య నుంచి 45 డిగ్రీల అక్షాంశం వెళ్తుంది. డిసెంబర్ 21న అక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 90 − 45 − 23.4, అంటే 21.6 డిగ్రీలు. పగలు మొత్తం తొమ్మిది గంటలకి కాస్త తక్కువే. కాబట్టి ప్యానెల్ దక్షిణానికి తిప్పి, 60 డిగ్రీల దాకా నిలువుగా పెట్టాలి. నిలువుగా ఉంటే మంచు కూడా జారిపోతుంది. ఆకులు రాలిన అడవిలో వెలుతురు ఫరవాలేదు. చిక్కు ఎక్కడంటే, ఆ ప్యానెల్ నింపే బ్యాటరీ లిథియం-అయాన్ అయితే సున్నా డిగ్రీల కింద దాన్ని చార్జ్ చెయ్యకూడదు. లోపల లోహ లిథియం పూతలా పేరుకుని సెల్ పాడవుతుంది. మంచి సర్క్యూట్ అయితే చార్జింగే ఆపేస్తుంది. ఎండ కాస్తూనే ఉంటుంది, బ్యాటరీ ఖాళీ అవుతూనే ఉంటుంది. అందుకే ప్యానెల్ ఉన్నా లోపల లిథియం ఏఏ సెల్లు తోడుగా ఉంచడం తెలివైన పని.

గుండె కొట్టుకుంటోందా?

కెమెరా బతికుందో లేదో తెలుసుకునే ఉపాయం మన నెట్‌వర్క్స్ పాఠంలోనే ఉంది. సర్వర్లు ఒకదానికొకటి "ఉన్నాను, ఉన్నాను" అని పంపుకునే హార్ట్‌బీట్. చాలా ట్రెయిల్ కెమెరాల్లో టైమ్-లాప్స్ మోడ్ ఉంటుంది, జంతువు వచ్చినా రాకపోయినా చెప్పిన టైముకి ఒక ఫోటో తీస్తుంది. పరిశోధకులు రోజుకొక ఫోటో ఇలా తీయించి కెమెరా పనిచేసిన రోజుల్ని లెక్కపెడతారు. నేనైతే మధ్యాహ్నం ఒకటి, అర్ధరాత్రి ఒకటి పెట్టమంటాను. అర్ధరాత్రిదే ముఖ్యం, ఎందుకంటే అది ఫ్లాష్‌ని పరీక్షిస్తుంది. ఖర్చు రోజుకి 0.6 మిల్లీఆంపియర్-గంటలు, ఏమంత లెక్క. జనవరి 9 తర్వాత మధ్యాహ్నం ఫోటోలుండి అర్ధరాత్రివి లేకపోతే ఏం జరిగిందో ఇంకెవర్నీ అడగక్కర్లేదు.

సిమ్ ఉన్న కెమెరాలు ఫోటోలతో పాటు బ్యాటరీ పరిస్థితి కూడా ఫోన్‌కి పంపుతాయి. హాయే. కానీ సిగ్నల్ సరిగా లేని చోట పంపడానికే బోలెడు కరెంటు పోతుంది, అందుకని పంపడం రోజుకి ఒక్కసారికి పెట్టుకోవాలి. కొన్ని రాష్ట్రాల్లో ఈ కెమెరాల మీద ఆంక్షలూ ఉన్నాయి. ఆరిజోనాలో 2022 జనవరి 1 నుంచి వేట కోసం ట్రెయిల్ కెమెరా వాడకమే నిషేధం.

కెమెరా పనిచేసిన రాత్రులు తెలిస్తే పోలిక న్యాయంగా ఉంటుంది. ఒక కెమెరా 90 రాత్రులు పనిచేసి 45 మగ జింకల ఫోటోలు ఇచ్చింది. ఇంకోటి 30 రాత్రులకే ఆగిపోయి 30 ఇచ్చింది. మొత్తం చూస్తే మొదటిదే మంచి చోటు. రాత్రికి ఎన్ని అని చూస్తే మొదటిది 0.5, రెండోది 1. మనం మళ్ళీ సెల్లు వెయ్యాల్సింది రెండోదాంట్లో.

పులుల గణనలో కూడా ఇదే కొలత వాడతారు. 2018 నాటి దేశవ్యాప్త గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు. సుమారు 3.48 కోట్ల ఫోటోలు వచ్చాయి, గిన్నిస్ రికార్డు కూడా ఎక్కింది. అందులో పులి ఉన్న ఫోటోలు 76,651. వెయ్యికి రెండు చొప్పున. ఇన్ని ఫోటోల్లో ఖాళీవి ఏరెయ్యడానికి మెగాడిటెక్టర్ లాంటి మోడల్స్ వచ్చాయి, జంతువు, మనిషి, బండి ఎక్కడున్నాయో గీత గీసి చూపిస్తాయి. మన క్లాసులో సగం మందికి ప్రాజెక్టు అంటే ఇలాంటిదే గుర్తొస్తుంది. కానీ ఏ మోడలూ తియ్యని ఫోటోని చూడలేదు. వెయ్యికి రెండే వచ్చే చోట రెండు వారాలు ఫ్లాష్ వెలగలేదంటే దాన్ని తర్వాత కోడ్‌తో పూడ్చలేం.

మార్చి చివర్లో మంచు కరిగాక మళ్ళీ వెళ్ళినప్పుడు సెల్లు మార్చి, తేదీ సరిచూసుకోవాలి, సెల్లు తీసినప్పుడు కొన్ని కెమెరాల గడియారం మొదటికి వెళ్ళిపోతుంది. సోలార్ ప్యానెల్‌ని కూడా అప్పుడే ఇంకో చోటికి మార్చాలి. జనవరిలో ఎండ పడిన చోట మే నెలకి ఆకులు గుబురుగా వచ్చి నీడ కమ్మేస్తుంది, సరిగ్గా ఆడ జింకలు కూనల్ని పెట్టే రోజులకి.